రూట్ కెనాల్ చేయించిన పన్ను, పీకించిన పన్ను: పదేళ్లు వాడాక

నా కింది దవడలో ఎడమవైపు పెద్ద దవడ పన్నుకు 2014లో రూట్ కెనాల్ అయింది. కుడివైపు అదే పన్నును 2017లో తీయించేశాను. రెండు దార్లూ ఒకే నోట్లో చూసినట్టయింది. ఇంట్లో వాళ్లూ ఆఫీసులో వాళ్లూ చెంప పట్టుకుని వచ్చి "పీకించెయ్యనా, రూట్ కెనాల్ చేయించనా" అని అడిగినప్పుడల్లా కొంచెం కొంచెంగా చెబుతూ వచ్చిందంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, మా ఊరు హనుమకొండ. ఇది వాడినవాడి మాట.

ముందు ఒక సంగతి. నొప్పి పోవడం ఒక్కటే కావాలంటే రెండు పద్ధతులూ పనిచేస్తాయి. అందుకే నొప్పిలో ఉన్నప్పుడు పీకించుకోవడమే మంచిదనిపిస్తుంది. ఒక్కసారి వెళ్తే పని అయిపోతుంది, ఖర్చూ తక్కువ. కానీ తేల్చుకోవాల్సింది నొప్పి గురించి కాదు. చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగిలింది, కింద వేరు, దాన్ని పట్టుకున్న ఎముక ఎలా ఉన్నాయి అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు ఎక్స్‌రే చూసి, పన్ను చుట్టూ చిగురు లోతు కొలిచి డాక్టర్ చెప్పాలి. ఈ రెండూ చూడకుండా నోట్లోకి టార్చి వేసి "పీకేద్దాం" అన్నా, "రూట్ కెనాల్ చేద్దాం" అన్నా ఒప్పుకోకండి.

ఎడమ పన్నుది అందరికీ తెలిసిన పిప్పి పన్ను బాధే. చల్లనీళ్లు తగిలితే జివ్వుమని, మింగెయ్యగానే నొప్పి పోతుంటే లోపల నరం ఇంకా కోలుకునే స్థితిలోనే ఉన్నట్టు, ఫిల్లింగ్‌తో సరిపోవచ్చు. చల్లదనం పోయాక కూడా నిమిషాల తరబడి లాగుతున్నా, వేడి టీకి పోటు వస్తున్నా, రాత్రి పడుకోగానే సలపరం ఎక్కువవుతున్నా నరం పాడయినట్టే లెక్క. నాది ఈ రెండో రకం. చెవి దాకా గుంజేది, ఏ పన్నో కూడా సరిగ్గా చెప్పలేకపోయేవాణ్ణి. ఇలాంటి నొప్పి ఒకరోజు ఉన్నట్టుండి తగ్గిపోతే చాలామంది నయమైందనుకుంటారు. చాలాసార్లు అది నరం చచ్చిపోయిందనడానికి గుర్తు. ఇన్ఫెక్షన్ మాత్రం వేరు చివర నుంచి ఎముకలోకి దిగుతూనే ఉంటుంది, కొన్నాళ్లకు చిగురు మీద చీము పొక్కుగా బయటపడుతుంది.

మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకోవడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వాపు, జ్వరం ఉన్నప్పుడు డాక్టర్ రాస్తే అది వేరు. కానీ చచ్చిన నరంలోకి రక్తం పారదు కాబట్టి మాత్ర అక్కడికి చేరదు. వాపు తీసినా మూలం అలాగే ఉంటుంది, మళ్లీ వస్తుంది. మా బావమరిది ఇలా కోర్సు మీద కోర్సు వాడి చివరికి దవడంతా వాచి ఆస్పత్రిలో చేరాడు. గొంతు కిందికి వాపు దిగినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా పన్ను ఉంచాలా తీయాలా అన్న చర్చ పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

రూట్ కెనాల్ అంటే ఉన్న భయం అంతా ఇంతా కాదు. నా అనుభవంలో ఆ భయానికి ఒకే ఒక్క ఆధారం ఉంది: బాగా సలుపుతున్న పన్నుకు, ముఖ్యంగా కింది దవడలో, మత్తు సరిగా ఎక్కదు. నాకూ మొదటి ఇంజెక్షన్ చాల్లేదు. పెదవి మొద్దుబారింది కానీ పన్ను తాకితే ఎగిరిపడ్డాను. వెంటనే చెయ్యెత్తాను, డాక్టర్ ఆగి పన్ను పక్కన ఇంకో ఇంజెక్షన్ ఇచ్చారు, ఆ తర్వాత ఏమీ తెలియలేదు. ఓర్చుకోవాల్సిన పని లేదు, చెప్పెయ్యండి.

జరిగేది ఇదీ. పన్ను పైన రంధ్రం చేసి, లోపలి నరాన్ని తీసి, వేళ్లలో ఉండే సన్నని దారుల్ని ఫైళ్లనే సూదుల్లాంటి పరికరాలతో శుభ్రం చేస్తారు. కింది పెద్ద దవడ పన్నుకు మామూలుగా రెండు వేళ్లు, మూడు దారులు ఉంటాయి, కొందరికి నాలుగు. ఒక్క దారి వదిలేసినా ఇన్ఫెక్షన్ అక్కడే దాక్కుంటుంది. అందుకే సమయం పడుతుంది. మధ్యమధ్యలో సోడియం హైపోక్లోరైట్‌తో కడుగుతారు, బ్లీచింగ్ వాసన వచ్చేది దానిదే. అది గొంతులోకి పోకుండా, ఉమ్ము పన్నులోకి రాకుండా నోటికి అడ్డంగా ఒక రబ్బరు షీట్ బిగిస్తారు, దాన్ని రబ్బర్ డ్యామ్ అంటారు. ఇది వాడే క్లినిక్‌నే వెతుక్కోండని గట్టిగా చెబుతాను. చివరికి ఆ దారుల్ని గట్టా పెర్చా అనే పదార్థంతో మూసేస్తారు. కొందరికి ఒకే సిట్టింగ్‌లో అయిపోతుంది. నాకు చీము ఉండటంతో లోపల మందు పెట్టి, మళ్లీ రమ్మన్నారు. తర్వాత కొన్నాళ్లు కొరికితే నొప్పిగా ఉంది. మామూలు నొప్పి మాత్రలతో సర్దుకుంది.

ఇక్కడితో నొప్పి పోతుంది. సరిగ్గా ఇక్కడే చాలామంది ఆగిపోతారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. రంధ్రం చేయడంతో, పుచ్చు తీయడంతో పన్ను లోపల బోలుగా, గోడలు పలచగా మిగులుతుంది. దవడ పన్ను మీద నమిలే ఒత్తిడంతా పడుతుంది కాబట్టి పైన క్యాప్ వేయకపోతే ఎప్పుడో ఒకప్పుడు నిలువునా చీలుతుంది. అలా చీలితే ఇక పీకడమే. అమెరికాలో 14 లక్షలకు పైగా రూట్ కెనాల్ పళ్ల లెక్కలు తీసి 2004లో ఒక అధ్యయనం వచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత వాటిలో 97 శాతం నోట్లోనే ఉన్నాయి. తీసేయాల్సి వచ్చిన పళ్లను చూస్తే 85 శాతానికి పూర్తి క్యాప్ లేదు. నాకు తెలిసినవాళ్లలో "రూట్ కెనాల్ చేయించినా పన్ను పోయింది, దండగ" అన్నవాళ్లను అడిగితే ఎక్కువమంది క్యాప్ వేయించుకోనివాళ్లే. ముందు పళ్ల సంగతి వేరు, పుచ్చు చిన్నదైతే వాటికి ఫిల్లింగ్‌తోనే సరిపెట్టవచ్చు.

నాకు మొదట వేసింది లోహం మీద పింగాణీ పూత ఉన్న క్యాప్. ఆరేళ్ల తర్వాత ఆ పింగాణీ ఒక అంచున పెచ్చు లేచింది, పన్నుకు ఏమీ కాలేదు. దాన్ని తీసి జిర్కోనియా అనే గట్టి తెల్ల పింగాణీ రకంది వేయించాను, ఇప్పటికీ అదే ఉంది. సంక్రాంతి సకినాలు, వానాకాలం మొక్కజొన్న కంకి, మటన్ ముక్క అన్నీ ఆ పక్కన నములుతున్నాను. నల్లి బొక్క మాత్రం కొరకను, చీకడమే. చల్లదనం, వేడి ఆ పన్నుకు తెలియవు. కానీ అన్నంలో రాయి పడితే ఠక్కున తెలుస్తుంది, ఎందుకంటే ఒత్తిడిని గుర్తించే నరాలు పన్ను లోపల కాదు, వేరును ఎముకకు కట్టి ఉంచే పొరలో ఉంటాయి. రూట్ కెనాల్ ఆ పొరను ముట్టుకోదు.

లోపం చెప్పాలంటే ఒకటుంది. ఈ పన్ను ఇక హెచ్చరించదు. క్యాప్ అంచు కింద మళ్లీ పుచ్చు మొదలైనా నొప్పి రాదు, నరం లేదు కదా. అందుకే అప్పుడప్పుడు ఎక్స్‌రే తీయిస్తాను, క్యాప్ పక్కల్లో ఇరుక్కున్నది సన్నని బ్రష్‌తో రోజూ తీస్తాను. రూట్ కెనాల్ ఒక్కోసారి విఫలమవుతుందన్నది కూడా నిజమే. అప్పుడు మళ్లీ తెరిచి శుభ్రం చేయవచ్చు, ఖర్చూ కష్టమూ మొదటిసారి కంటే ఎక్కువ.

ఇక కుడి పన్ను. దానికి పాత పెద్ద ఫిల్లింగ్ ఉండేది. గట్టిది కొరికి వదిలినప్పుడు కలుక్కుమనడం మొదలైంది. కొరికేటప్పుడు కాదు, వదిలేటప్పుడు. ఒక క్లినిక్‌లో వెంటనే రూట్ కెనాల్, క్యాప్ అని బిల్లు రాసిచ్చారు. ఇంకోచోట చూపిస్తే ఆ డాక్టర్ చిగురు కొలిచారు. చుట్టూ బాగానే ఉండి ఒక్కచోట మాత్రం పరికరం లోతుగా దిగిపోయింది. పాత ఫిల్లింగ్ తీసి చూపించారు: బీట పన్ను అడుగు దాటి వేరులోకి పోయింది. "దీనికి రూట్ కెనాల్ చేస్తే మీ డబ్బులు తీసుకున్నట్టవుతుంది, పన్ను నిలబడదు" అన్నారు. ఆ మాట చెప్పిన మనిషి మీద నాకు ఇప్పటికీ గౌరవం.

పీకేటప్పుడు నొప్పి లేదు, గట్టిగా నొక్కుతున్న, కదుపుతున్న భావన మాత్రమే. దూది కొరికిపట్టి ఇంటికొచ్చాను. మూడో రోజు చెవిలోకి కొట్టే నొప్పి మొదలైంది. గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే లోపలి ఎముక బయటపడుతుంది, దాన్ని డ్రై సాకెట్ అంటారు. పొగతాగేవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది, నాకు ఆ అలవాటు లేకపోయినా వచ్చింది. గుంట కడిగి లవంగ నూనె కలిపిన మందు పెట్టాక గంటలోపే తేరుకున్నాను. నిజం చెప్పాలంటే రూట్ కెనాల్ కంటే ఈ వారమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తర్వాత ఆ ఖాళీ. ఇంప్లాంట్‌కు, అంటే ఎముకలో మర బిగించి దానిమీద పెట్టే పన్నుకు, డబ్బు కూడేసరికి రెండేళ్లు దాటింది. ఈలోగా వెనక పన్ను ముందుకు ఒరిగింది, పైపన్ను కొంచెం కిందికి దిగింది, ఆ సందులో ఏది తిన్నా ఇరుక్కునేది. నమలడం పూర్తిగా ఎడమ పక్కకు మారింది. అన్నిటికంటే ముఖ్యం, పన్ను పోయినచోట ఎముక అరిగిపోతుంది. మొదటి ఏడాదిలోనే దాని వెడల్పు సగం దాకా తగ్గవచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. నాకు ఇంప్లాంట్ వేసే ముందు ఎముక పొడి నింపాల్సి వచ్చింది. బ్రిడ్జి, అంటే పక్క పళ్ల మీద ఆనించి పెట్టే కట్టుడు పన్ను, వేయిస్తే త్వరగా అయ్యేది, కానీ దానికి అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్లను అరగదీయాలి. నాకు మనసొప్పలేదు.

ఇంప్లాంట్ గట్టిగానే ఉంది, ఫిర్యాదు లేదు. పుచ్చు పట్టదన్న ధీమా కూడా ఉంది, చిగురు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. కానీ నా ఎడమ పన్నుకు తెలిసేంత దీనికి తెలియదు. టైటానియం మర నేరుగా ఎముకకు అతుక్కుంటుంది, మధ్యలో ఆ పొర ఉండదు. అందుకే ఎంత గట్టిగా కొరుకుతున్నానో ఆ పక్కన సరిగ్గా అంచనా అందదు.

డబ్బు లెక్క: ఎడమ పన్నుకు అప్పట్లో రూట్ కెనాల్, క్యాప్ కలిపి 7,500 రూపాయలు, తర్వాత జిర్కోనియా క్యాప్‌కు ఇంకో 8,000. కుడి పన్నును పీకడానికి 600 మాత్రమే. ఆ చోటు నింపడానికి ఎముక పొడి, ఇంప్లాంట్, క్యాప్ కలిపి 42,000. పీకించుకోవడం చవక అన్న లెక్క, ఆ ఖాళీని ఎప్పటికీ ఖాళీగానే వదిలేస్తామనుకుంటేనే నిలుస్తుంది.

అలాగని ప్రతి పన్నునూ పట్టుకుని వేలాడమని నేను అనను. వేరు నిలువునా చీలితే, పుచ్చు ఎముక మట్టానికి దిగి క్యాప్ పట్టుకోవడానికి ఏమీ మిగలకపోతే, పన్ను కదిలిపోతుంటే తీయించడమే సరైంది. జ్ఞానదంతాన్ని ఎక్కువసార్లు తీసేయడమే మేలు, దాని చోటు నింపాల్సిన అవసరం కూడా ఉండదు. మా అమ్మకు షుగర్, చిగుళ్ల జబ్బుతో పై దవడ పళ్లు రెండు ఊగిపోయాయి. పుచ్చు లేదు, నరం బాగానే ఉంది, పట్టుకునే ఎముకే లేదు. రూట్ కెనాల్ అక్కడ చేసేదేమీ ఉండదు. ముందు షుగర్ అదుపులోకి తెచ్చి, ఆ తర్వాత తీయించాం. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపకూడదు, ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే మందులు వాడేవాళ్లు పీకించుకునే ముందు తప్పకుండా చెప్పాలి.

పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని అమ్మ చాలా భయపడింది. పంటి నరానికీ చూపు నరానికీ సంబంధం లేదు, చూపు పోదు. దీనికి ఎదురు రకం భయం ఫోన్లలో తిరుగుతోంది: రూట్ కెనాల్ పన్ను క్యాన్సర్ తెస్తుందట. దీని మూలం 1920లలో వెస్టన్ ప్రైస్ అనే అమెరికా దంతవైద్యుడు చేసిన ప్రయోగాలు. తర్వాతి పరిశోధనలో అవి నిలబడలేదు. అప్పట్లో మాత్రం ఆ వాదన నమ్మి ఎంతోమందికి మంచి పళ్లు పీకేశారు.

చేతిలో డబ్బు లేక పీకించుకోవాలనుకుంటున్నవాళ్లకు రెండు మాటలు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా బయట క్లినిక్ కంటే బాగా తక్కువకు చేస్తారు. విద్యార్థులు చేస్తారు, పైన ప్రొఫెసర్లు చూస్తారు, ఎక్కువసార్లు తిరగాలి, ఓపిక ఉండాలి. చాలా ఆరోగ్య బీమా పాలసీలు పంటి వైద్యానికి ప్రమాదం జరిగితే తప్ప ఇవ్వవు, దాన్ని నమ్ముకుని ఆగకండి. నిర్ణయానికి కొంచెం సమయం కావాలంటే నరం తీసి, మందు పెట్టి, తాత్కాలికంగా మూయమని అడగవచ్చు. నొప్పి పోతుంది, కొన్ని వారాల వ్యవధి దొరుకుతుంది. ఆ తాత్కాలిక ఫిల్లింగ్‌తోనే నెలలు గడిపేస్తే మాత్రం అది అరిగి ఉమ్ము లోపలికి దిగుతుంది, చేసినదంతా వృథా అవుతుంది.

క్లినిక్‌లో ధర అడిగేటప్పుడు రూట్ కెనాల్ ఒక్కదానికే కాదు, క్యాప్‌తో కలిపి మొత్తం ఎంతో అడగండి. పీకుతామంటే ఆ చోట తర్వాత ఏం పెడతారో, దానికి ఎంతవుతుందో అదే పూట చెప్పించుకోండి. ఎక్స్‌రే కాపీ ఫోన్‌లోకి పంపించుకోండి. కుడి పన్ను విషయంలో ఆ కాపీ చేతిలో ఉండబట్టే ఇంకో డాక్టర్‌కు చూపించగలిగాను.