జంప్ నేర్పిస్తామంటూ డబ్బు గుంజుతున్న ఆ డర్ట్ బైక్ శిబిరం జోలికి పోకండి

హైదరాబాద్ శివార్లలో శని, ఆదివారాలు కొత్తవాళ్లకు డర్ట్ బైక్ జంపులు నేర్పిస్తామని ఇన్‌స్టాగ్రామ్‌లో ఊదరగొడుతున్న ఆ శిబిరం ఏదో మీలో చాలామందికి చెప్పకుండానే తెలుసు కాబట్టి, పేరు జోలికి పోకుండా నేరుగా విషయానికి వస్తున్నాను. కుడి కాలర్ బోన్ విరిగి, చెయ్యి మెడకు వేలాడుతుండగా, ఎడమచేతి బొటనవేలితో ఇది టైపు చేస్తున్నాను. అక్షరదోషాలుంటే మన్నించండి, కోపం కనిపిస్తే మాత్రం అది దోషం కాదు.

2024లో పుణేలో ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్ (మట్టి ట్రాక్ మీద జంపులతో సాగే బైక్ రేసులు) మొదలైనప్పటి నుంచి ఈ మోజు మన దగ్గరా పెరిగింది, నాకూ పట్టుకుంది. ప్రకటనలో ఉన్నది మోటోక్రాస్ బండి (అలాంటి రేసుల కోసమే చేసిన తేలికపాటి బైక్), టేబుల్‌టాప్ అనే చదునైన నెత్తి ఉన్న జంప్ దిబ్బ, మెడకు రక్షణ, పక్కనే కోచ్. అక్కడ దొరికింది నంబరు ప్లేటూ ఇండికేటర్లూ పీకేసిన ఒక పాత హీరో ఎక్స్‌పల్స్ 200, అంటే రోడ్డు మీద కూడా తిరిగే మామూలు బండి. అది చెడ్డ బండి అనడం లేదు. మట్టిదారుల్లో తిరగడానికి దానికి వంక పెట్టలేము. అయితే 150 కిలోలు దాటిన బరువుకు ముందు 190, వెనక 170 మిల్లీమీటర్లు మాత్రమే కదిలి కుదుపును మింగే సస్పెన్షన్ ఉన్న బండికీ, సుమారు 108 కిలోల బరువుకు రెండు వైపులా 300 మిల్లీమీటర్లు దాటిన సస్పెన్షన్ ఉండే కవాసాకి కేఎక్స్ 250 లాంటి అసలు మోటోక్రాస్ బండికీ పోలిక ఎక్కడ? ఫొటోలో మాత్రం రెండోదే ఉంటుంది.

కొత్తవాళ్లకు జంప్ నేర్పే చోట టేబుల్‌టాప్ ఉండి తీరాలి. ఎక్కే వాలుకూ దిగే వాలుకూ మధ్య మట్టి నింపి చదును చేస్తారు కాబట్టి, వేగం చాలక అవతలి వాలును అందుకోలేకపోయినా మధ్యలోని ఆ చదును మీద దిగి మెల్లగా పోవచ్చు. అదే రెండు దిబ్బల మధ్య ఖాళీ వదిలిన డబుల్ అయితే, ఆ కాస్త లోటే బండిని తీసుకెళ్లి రెండో దిబ్బ ముఖానికి కొడుతుంది. మాకు చూపించిన చోట ఈ రెండూ లేవు. జేసీబీతో ఎత్తిపోసిన ఒక మట్టిదిబ్బ, దాని అవతల ఎండకు గట్టిపడిన చదునునేల, అంతే. దిగే వాలు ఉంటే బండి దాని వెంటే జారిపోతుంది గనుక పడే దెబ్బ చాలావరకు తగ్గుతుంది. చదునునేల మీద దిగితే ఆ దెబ్బంతా షాకబ్జర్లు, అవి చాలకపోతే మన మోకాళ్లూ నడుమూ భరించాలి. ఇదే అడిగితే కోచ్‌గారు, "టేబుల్‌టాప్ అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌కి సార్, దానికి ఫీజు వేరే" అన్నారు. క్షేమంగా దిగే ఏర్పాటు ఎక్కువ డబ్బు కట్టినవాడికి, ఎముకలు విరిచే ఏర్పాటు కొత్తవాడికి అన్నమాట. ఎంత గొప్ప వ్యాపార బుద్ధి!

వెనక షాకబ్జర్ కడ్డీ మీద నల్లగా ఆయిల్ కారి, దానికి ఎర్రదుమ్ము అంటుకుని ముద్ద కట్టి ఉంది. వేలు పెట్టి చూపించాను. ఆయన జేబులోంచి గుడ్డ తీసి శుభ్రంగా తుడిచి, "అది గ్రీజు సార్, నిన్ననే సర్వీసయింది" అన్నారు. సీటు నొక్కి వదిలితే నిదానంగా లేవాల్సిన వెనకభాగం టక్కున ఎగిరి నిలబడింది. వాలు ఎక్కేటప్పుడు నలిగిన స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు దాని వేగాన్ని పట్టి ఉంచేది ఆ లోపలి ఆయిలే. అది కారిపోయాక దిబ్బ అంచున బండి వెనకభాగం పైకి తన్నుతుంది, ముందుభాగం కిందికి పోతుంది. అనుమానం ఉండి కూడా ఆ బండి ఎక్కిన నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి.

ఇక గురువుగారి పాఠం ఒక్కటే వాక్యం: "పైకి రాగానే యాక్సిలరేటర్ మొత్తం వదిలెయ్, లేకపోతే మరీ ఎగిరిపోతావ్." నిజానికి ఫుట్‌పెగ్‌ల మీద నిలబడి, మోకాళ్లతో ట్యాంకును అదిమిపట్టి, వెనక చక్రం అంచు దాటేదాకా యాక్సిలరేటర్‌ను ఒకే తీరున ఉంచాలి, అంచు దగ్గర ఒక్కసారిగా వదిలేస్తే ముందుభాగం వాలిపోతుంది. గాల్లో ముందుభాగం దిగిపోతుంటే యాక్సిలరేటర్ కొద్దిగా ఇస్తే పైకి లేస్తుందనీ, వెనక బ్రేకు తొక్కితే ఇంకా దిగిపోతుందనీ అక్కడ ఎవరూ చెప్పలేదు. ఆయన చెప్పినట్టే వదిలేశాను, భయానికి నా కాలు వెనక బ్రేకు మీద బిగుసుకుపోయింది, కారిపోయిన షాకబ్జర్ తన వంతు సాయం తాను చేసింది. ముందు చక్రం నేలలో గుచ్చుకుని, హ్యాండిల్ మీదుగా వెళ్లి కుడి భుజం మీద పడ్డాను.

నేర్చుకునేటప్పుడు పడటం మామూలే, దాని గురించి అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. కోచ్ పరుగెత్తుకుంటూ వచ్చారు, నన్ను దాటి నేరుగా బండి దగ్గరికి వెళ్లారు. అక్కడున్న కుర్రాడితో, "ముందు బండి ఫొటోలు తియ్యరా, హ్యాండిల్ వంగింది క్లియర్‌గా పడాలి" అన్నారు. "అన్నా, చెయ్యి లేవట్లేదు" అన్నాను. ఆయన నా వైపు తల కూడా తిప్పకుండా లీవర్ విరిగిన చోట వేలు పెట్టి కుర్రాడికి చూపిస్తూ, "లేస్తుందిలే, ముందు నువ్వు పక్కకి జరుగు, వెనకాల జనం వెయిటింగ్" అన్నారు. వెనకాల జనం నిజంగానే ఉన్నారు. దిబ్బ ఎక్కుతున్నవాడికి అవతల పడి ఉన్నవాడు కనిపించడు గనుక ఇలాంటి చోట పసుపు జెండా పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. ఇక్కడ జెండా లేదు, మనిషీ లేడు. నా మిత్రుడు దిబ్బ పైకి పరుగెత్తి హెల్మెట్ ఊపుతూ అరవబట్టి తర్వాతివాడు ఆగాడు, లేకపోతే వాడు వచ్చి నా మీదే దిగేవాడు. ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెరిస్తే బ్యాండ్ ఎయిడ్‌లూ, అయిపోయిన స్ప్రే డబ్బా ఒకటీ ఉన్నాయి. ఆసుపత్రికి తీసుకెళ్లింది కూడా నా మిత్రుడే.

ఎక్స్‌రే కోసం కూర్చుని ఉండగా వాట్సాప్‌లో బిల్లు వచ్చింది. చెయ్యి ఎలా ఉందన్న మాట అందులో లేదు గానీ హ్యాండిల్, క్లచ్ లీవర్, ట్యాంకు సొట్ట, రెండు ఇండికేటర్లు అని వరుసగా ఉన్నాయి. ఆ బండికి ఇండికేటర్లే లేవు! ట్యాంకు సొట్ట నేను ఎక్కకముందే ఉందని మిత్రుడు తీసిన వీడియోలో స్పష్టంగా కనిపిస్తోంది. ఇదే మాట రాస్తే, కారు బానెట్ మీద పెట్టి నాతో సంతకం చేయించుకున్న నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం ఫొటో పంపి, 10,000 రూపాయల డిపాజిట్ తిరిగి రాదని తేల్చేశారు. ఆ తర్వాత నా నంబరును బ్లాక్ చేశారు.

ఎక్కడికైనా నేర్చుకోవడానికి వెళ్తే డబ్బు కట్టేముందు దిగే వాలునూ, వెనక షాకబ్జర్‌నూ, జెండా పట్టుకునే మనిషినీ కళ్లతో చూసుకోండి, బండిని నాలుగు వైపులా వీడియో తీసుకోండి. నేను 1915కు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను; చెయ్యి కుదుటపడగానే సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్తున్నాను. ఇదే శిబిరంలో లేని ఇండికేటర్లకు డబ్బు కట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటే ఆ బిల్లు ఫొటో నాకు పంపండి, ఫిర్యాదుకు జతచేస్తాను.