హెరోనియా సింహం: ఎలా వెళ్లాలి, ఎక్కడ ఉండాలి

ప్రాచీన గ్రీసులో మగవాళ్ల మధ్య ప్రేమను కుండల మీది బొమ్మల్లో ఏ మ్యూజియంలోనైనా చూడొచ్చు. ఆ ప్రేమ నిలబడి పోరాడిన నేలను చూడాలంటే మాత్రం గ్రీసులోని హెరోనియా అనే ఊరికి వెళ్లాలి. థీబ్స్ నగరం 150 ప్రేమికుల జంటలతో నిలిపిన ‘పవిత్ర దళం’ క్రీ.పూ. 338లో మాసిడోనియా రాజు ఫిలిప్ సైన్యం ముందు ఇక్కడే కూలింది. వాళ్ల సమాధి దగ్గర నిలిపిందని చెప్పే రాతి విగ్రహమే ఈ సింహం.

ముందు పేర్ల తిరకాసు. పుస్తకాల్లోని కైరోనియా, థీబ్స్ అనే పేర్లు బస్సు కౌంటర్లో హెరోనియా, థీవా అవుతాయి. ఏథెన్స్‌లో దూరప్రాంతాల బస్టాండ్లు రెండున్నాయి. హెరోనియాకి దగ్గరి పట్టణమైన లివాడియా బస్సు లియోసియన్‌లో ఎక్కాలి, కిఫిసోస్‌లో కాదు. దూరం సుమారు 130 కి.మీ. రైలుంది గానీ స్టేషన్ లివాడియా ఊరికి దూరం, బస్సే నయం. అక్కడి నుంచి సింహం దాకా 14 కి.మీ. ఉంటుంది. పల్లె బస్సుల్ని నమ్ముకోకుండా టాక్సీని రానూపోనూ మాట్లాడుకోండి, గంటన్నర ఆగాలని ముందే చెప్పండి.

సింహం రోడ్డు పక్కనే, సైప్రస్ చెట్ల మధ్య వెనక కాళ్ల మీద కూర్చుని ఉంటుంది. ఎత్తు దాదాపు 5.5 మీటర్లు. దగ్గరికెళ్తే అతుకులు కనిపిస్తాయి. 1818లో ముక్కలుగా దొరికితే 1902లో నిలబెట్టారు. నిధి కోసం గ్రీకు స్వాతంత్ర్య పోరాట నాయకుడు ఆండ్రూట్సోస్ దీన్ని పగలగొట్టాడని స్థానికంగా చెప్పే కథను నమ్మక్కర్లేదు. చుట్టూ తవ్వితే 1879–80లో వరుసల్లో పేర్చిన 254 అస్థిపంజరాలు బయటపడ్డాయి. 300కి లెక్క తగ్గింది కదా, వీళ్లు ఆ దళమేనా అని కొందరు పండితుల సందేహం. క్రీ.శ. రెండో శతాబ్దపు గ్రీకు యాత్రా రచయిత పాసేనియస్ నాటికే ఇది థీబ్స్ వాళ్ల సమాధి అని చెప్పుకునేవారు కాబట్టి అవుననే వైపే మొగ్గు.

పక్కనే చిన్న మ్యూజియం, అరగంట చాలు. ఇలాంటి ప్రభుత్వ మ్యూజియాలకు వారంలో ఒకరోజు సెలవు, చాలాచోట్ల అది మంగళవారం. చూసుకోకుండా వెళ్తే సింహం ఒక్కటే దక్కుతుంది. ప్రాచీన గ్రీకు జీవితచరిత్రల రచయిత ప్లూటార్క్ పుట్టింది ఈ ఊళ్లోనే. పవిత్ర దళాన్ని నడిపిన థీబ్స్ సేనాని పెలోపిడాస్ మీద ఆయన రాసిన జీవితచరిత్ర చదివి వెళ్లకపోతే రాయి రాయిలాగే ఉంటుంది.

బసకు లివాడియాలో క్రియా ఊటల దగ్గర చూడండి: చినార్ చెట్ల నీడ, పక్కనే ఏరు. ఊరంతా సువ్లాకీ (పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం) పొగే, శాకాహారులకు హోర్తా (ఉడికించిన ఆకుకూర), సలాడ్, రొట్టె. దగ్గర్లోని కొండ ఊరు అరాహోవా అందమైనదే గానీ శీతాకాలపు వారాంతాల్లో స్కీయింగ్ జనంతో గదుల ధరలు మండిపోతాయి.