నాలుగేళ్ళుగా వాడుతున్న రీసెల్లర్ హోస్టింగ్: రేటు చవకే, ఫోన్లన్నీ మాత్రం మనకే

రెండు నెలల్లో నా రీసెల్లర్ ప్లాన్ రెన్యువల్ ఉంది. ఈసారి డబ్బులు కట్టి ఇక్కడే ఉండాలా, మూటా ముల్లె సర్దుకుని ఇంకో చోటికి పోవాలా అని తేల్చుకునే పనిలో ఉన్నా. నాలుగేళ్ళు దాటింది కాబట్టి చెప్పుకోడానికి మంచీ చెడూ రెండూ బాగానే పోగయ్యాయి. కంపెనీ పేరు రాయను, అడగొద్దు.

నేను విజయవాడలో చిన్న వ్యాపారాలకి వెబ్‌సైట్లు చేసి పెడుతుంటా. బీసెంట్ రోడ్డులో బట్టల షాపు, ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల వాళ్ళు, గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒకరిద్దరు, లక్ష్మీపురంలో ఒక కోచింగ్ సెంటరు, ఇలా ముప్పై చిల్లర సైట్లు. వీళ్ళెవరికీ హోస్టింగ్ (సైటుని సర్వర్‌లో ఉంచి నడపడం) అంటే ఏంటో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఏడాదికోసారి నాకు డబ్బులిస్తారు, సైటు నడవాలి, మెయిల్ రావాలి, అంతే. రీసెల్లర్ ప్లానులో జరిగేది ఏంటంటే, కంపెనీ సర్వర్‌లో కొంత జాగా మనం టోకున తీసుకుని, డబ్ల్యూహెచ్ఎం అనే మన కంట్రోల్ ప్యానెల్‌లో ఒక్కో క్లయింటుకి ఒక్కో సీప్యానెల్ అకౌంట్ (ఆ సైటు ఫైళ్ళు, మెయిల్ చూసుకునే ప్యానెల్) చేసి మన పేరు మీదే ఇస్తాం. క్లయింటుకి కనపడేది మనమే, తిట్టేదీ మననే. సర్వర్ మీద రూట్ యాక్సెస్, అంటే పూర్తి అధికారం, మాత్రం మనకుండదు. డేటాబేస్ (సైటు సమాచారం దాచే చోటు) సర్వీసు పడిపోతే కనీసం రీస్టార్ట్ చేసే వీలు కూడా లేదు, కంపెనీ సపోర్ట్‌కి టికెట్ (రాతపూర్వక ఫిర్యాదు) పెట్టి కూర్చోవాలి.

మొదటి ఏడాది ఏ వంకా లేదు. సర్వర్ ముంబైలో, పేజీలు టక్కున వచ్చేవి, పాత చోటి నుంచి సైట్లన్నీ వాళ్ళే ఉచితంగా తెచ్చి పెట్టారు, చాట్‌లో అడిగితే మనిషే మాట్లాడేవాడు. ఆ రేటుకి అంత సర్వీసు ఎలా ఇస్తున్నారా అనుకునేవాణ్ణి. ఇవ్వలేకపోయారు, అదీ సంగతి.

కొంత నేపథ్యం చెప్పాలి. 2019లో సీప్యానెల్ వాళ్ళు లైసెన్సు పద్ధతి మార్చేశారు. అంతకుముందు సర్వర్‌కి ఇంత అని ఉండేది, అప్పట్నుంచి సర్వర్‌లో ఎన్ని అకౌంట్లుంటే అంత కట్టాలి. ఆ తర్వాత కూడా ఎవరైనా "అన్‌లిమిటెడ్ సీప్యానెల్ అకౌంట్లు, నెలకి కొన్ని వందలు" అని అమ్ముతున్నారంటే ఆ లెక్క ఎక్కడో చోట సరిపెట్టుకోవాలి కదా. మా సర్వర్ రెండో ఏడాది సగం నుంచి బరువెక్కడం చూస్తే, ఒకే సర్వర్ మీదకి ఇంకా కస్టమర్లని ఎక్కించి సరిపెట్టుకున్నారనే నా అనుమానం. ఒక్క బోరు మీద నాలుగు అపార్ట్‌మెంట్లకి నీళ్ళిచ్చినట్టు, ఎవరూ వాడనప్పుడు అందరికీ బాగానే వస్తాయి.

అందరూ వాడే రోజు దసరాకి వచ్చింది. నవరాత్రులప్పుడు విజయవాడ ఎలా ఉంటుందో తెలిసిందే, కొండ కింద జనం, బీసెంట్ రోడ్డులో అడుగు తీసి అడుగు వేయలేం. బట్టల షాపాయన పండగ ఆఫర్ సైటు లింకు వాట్సాప్‌లో తన కస్టమర్లందరికీ పంపాడు. పావుగంటకి సైటు మీద 508 ఎర్రరు, రిసోర్స్ లిమిట్ దాటింది అని. క్లౌడ్‌లైనక్స్ అనే సిస్టమ్ ఉన్న సర్వర్లలో ఒక్కో అకౌంటుకి ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు మొదలవ్వచ్చో ఒక గీత ఉంటుంది, అది దాటితే వచ్చేది ఇది. ఆ గీత మంచిదే, పక్కవాడి సైటు మన సైటుని ముంచకుండా కాపాడుతుంది. నాకు కోపం వచ్చింది దాని మీద కాదు. ప్లాను కొన్నప్పుడు రాసి ఉన్న లిమిట్, ఆ రోజు డబ్ల్యూహెచ్ఎంలో చూస్తే సగానికి సగం తగ్గించి ఉంది. ఎప్పుడు తగ్గించారో, ఎవరికి చెప్పి తగ్గించారో దేవుడికే తెలియాలి. అడిగితే "సర్వర్ స్థిరత్వం కోసం" అన్నారు. షాపాయన మాత్రం "పండగ పూట పరువు తీశావు కదా తమ్ముడూ" అని ఒక్క మాట అని ఫోన్ పెట్టేశాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

సపోర్ట్ గురించి కాస్త విడిగా చెప్పాలి. సైటు పడిపోయిందని టికెట్ పెడితే మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే: మా వైపు అంతా బాగానే ఉంది, మీ వర్డ్‌ప్రెస్ ప్లగిన్లు (సైటు సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు) చెక్ చేసుకోండి. ఈ వాదన పడలేక నేను రెండు చిన్న ఫైళ్ళు పెట్టా. ఒకటి ఉత్త హెచ్‌టీఎంఎల్ పేజీ, అందులో "ఉన్నాను" అని ఒక్క మాట, ప్లగిన్ లేదు, పీహెచ్‌పీ (సర్వర్ మీద నడిచే కోడ్) లేదు. రెండోది డేటాబేస్‌కి కనెక్టయ్యి టైమ్ చూపించే నాలుగు లైన్ల పీహెచ్‌పీ ఫైలు. రెండింటినీ ఐదు నిమిషాలకోసారి ఒక ఉచిత మానిటర్ చూస్తుంటుంది. మొదటిది కూడా తెరుచుకోకపోతే వెబ్ సర్వరో నెట్‌వర్కో పోయినట్టు. మొదటిది వచ్చి రెండోది రాకపోతే పీహెచ్‌పీ గాని డేటాబేస్ గాని చచ్చినట్టు. టికెట్‌లో ఈ రెండింటి స్క్రీన్‌షాట్లు పెడితే ప్లగిన్ల మాట మళ్ళీ ఎత్తలేదు. రీసెల్లర్ వాడేవాళ్ళెవరైనా సరే, ఈ ఒక్క పని ఇవాళే చేసి పెట్టుకోండి, పది నిమిషాల పని.

వాళ్ళ స్టేటస్ పేజీ సంగతి అడగొద్దు. మా సైట్లన్నీ పడుకుని ఉన్నా అక్కడ పచ్చగానే ఉంటుంది. 99.9 శాతం అప్‌టైమ్ గ్యారంటీ అంటారు, ముప్పై రోజుల నెలకి లెక్కేస్తే 43 నిమిషాలు డౌన్ అవ్వచ్చని అర్థం. మా మానిటర్ ప్రకారం కొన్ని నెలల్లో ఆ 43 నిమిషాలు ఒక్క పూటలోనే అయిపోయాయి. క్రెడిట్ అడిగితే, ఆ గ్యారంటీ నెట్‌వర్క్‌కి మాత్రమేనట. సర్వర్‌కి పింగ్ (బతికున్నావా అని నెట్‌వర్క్‌లో పంపే పలకరింపు) వెళ్తోంది కాబట్టి, డేటాబేస్ చచ్చి సైట్లన్నీ తెల్లపేజీ చూపిస్తున్నా అది డౌన్ కింద లెక్కకి రాదు. షరతుల పేజీలో ఈ మాట నిజంగానే ఉంది, అడుగున ఎక్కడో.

ఇవన్నీ ఒక ఎత్తు, మెయిల్ ఒక ఎత్తు. అసలు మారాలని గట్టిగా అనిపించింది మెయిల్ వల్లే. గుంటూరు ఎగుమతిదారు ఒకాయన, మిర్చి యార్డులో ఆ రోజు తేజ రకం మిర్చి రేటు చూసుకుని బయటి దేశాల కొనుగోలుదార్లకి కొటేషన్లు పంపుతాడు. ఆ రేటు ఇవాళ ఉన్నది రేపు ఉండదు. ఒకరోజు మధ్యాహ్నం ఫోను: "ఏమయ్యా, పొద్దున్నే రేటు పంపా, అవతలోడు మెయిలే రాలేదంటన్నాడు. రేపటికి ఆ రేటు ఉంటదా?" చూస్తే మెయిల్ 550 ఎర్రరుతో తిరిగొచ్చి ఉంది, పంపిన ఐపీ (సర్వర్ నెట్ అడ్రసు) బ్లాక్‌లిస్టులో ఉందని. ఆయన డొమైన్‌లో ఏ లోపం లేదు. గూగుల్, యాహూ వాళ్ళు 2024 ఫిబ్రవరిలో మెయిల్ పంపేవాళ్ళకి నిబంధనలు బిగించినప్పుడే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగులు) అన్నీ అందరి డొమైన్లకీ పెట్టేశా. కానీ సర్వర్‌లో ఉన్నవాళ్ళందరి మెయిలూ ఒకే ఐపీ మీద నుంచి పోతుంది. ఎవడో ఒకడి అకౌంట్ హ్యాకై స్పామ్ పోతే శిక్ష అందరికీ. కంపెనీ వాళ్ళు లిస్టులోంచి తీయించారు, కొన్నాళ్ళకి మళ్ళీ ఎక్కింది, మళ్ళీ తీయించారు. బయటికి పోయే మెయిల్‌కి విడిగా ఫిల్టరింగ్ రిలే (స్పామ్ ఆపి మిగతాది పంపే మధ్య సర్వర్) పెట్టండి, కావాలంటే అదనంగా కడతా అన్నా. "మీ సూచన టీమ్‌కి పంపాం" అన్నారు. ఆ టీమ్ ఎక్కడుందో గాని.

చివరికి ఎగుమతివాళ్ళిద్దరి మెయిల్‌ని హోస్టింగ్‌లోంచి బయటికి తీసి, మెయిల్‌బాక్సుకి ఇంత అని తీసుకునే సర్వీసులో పెట్టేశా. సైటు ఇక్కడే, ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఎటు రావాలో చెప్పేవి) మాత్రం అటు. నెలకి కొంచెం ఎక్కువవుతుందని చెప్తే ఆ కొటేషన్ల ఆయన "మిర్చి లోడు పోయేదానికంటేనా" అన్నాడు. ఆ తర్వాత మెయిల్ గురించి ఒక్క ఫోనూ లేదు.

బ్యాకప్‌ల సంగతి క్లుప్తంగా. వారానికోసారి తీస్తాం అని ప్లానులో ఉంది. కోచింగ్ సెంటరు సైటు రీస్టోర్ చేయమంటే ఇచ్చింది నెల కిందటి కాపీ. ఇన్ని ఫైళ్ళు దాటిన అకౌంట్లకి బ్యాకప్ తీయరని అప్పుడు చెప్పారు. నా కాపీలు నా దగ్గర ఇంట్లో డిస్కులో ఒకటి, వేరే క్లౌడ్‌లో ఒకటి ఉంటాయి కాబట్టి గట్టెక్కాం. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ డేటా సెంటర్ తగలబడినప్పుడు, బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్నవాళ్ళలో కొందరికి ఏమీ మిగల్లేదు. హోస్టింగ్ వాడు ఇచ్చే బ్యాకప్‌ని నేను బ్యాకప్ కింద లెక్కేయను.

ఇంత జరిగినా నాలుగేళ్ళు ఎందుకున్నావంటే, రోజూ ఇలా ఉండదు. నెలల తరబడి ఏ గొడవా ఉండదు. రేటు తక్కువ, ముంబై సర్వర్ వల్ల మనవైపు వేగం బాగుంటుంది, బిల్లింగ్‌లో ఎప్పుడూ మోసం చేయలేదు. పైగా ముప్పై సైట్లు కదిలించడం అంటే టెన్షనే.

ఎటు పోవాలి అన్నది ఇప్పుడు ప్రశ్న. సొంతంగా వీపీఎస్ (మనకే విడిగా ఇచ్చే వర్చువల్ సర్వర్) తీసుకో అని ఫ్రెండ్స్ అంటారు. రూట్ మన చేతిలో ఉంటుంది, నిజమే. కానీ అప్‌డేట్లు, ఫైర్‌వాల్, అర్ధరాత్రి డిస్క్ నిండిపోతే లేవడం, అన్నీ నావే, పైన ప్యానెల్ లైసెన్సు ఒకటి. పది పేజీల బ్రోషర్ సైట్లకి అంత అవసరం లేదని నా లెక్క. బట్టల షాపు ఒక్కటీ చిన్న వీపీఎస్‌కి పోతుంది, మిగతావి ఇంకో రీసెల్లర్‌కి. అయితే ఈసారి కొనేముందు టికెట్‌లో రాతపూర్వకంగా అడుగుతున్నా: ఒక్కో అకౌంటుకి సీపీయూ, ప్రాసెస్ లిమిట్ ఎంత, ఎన్ని ఫైళ్ళ వరకు బ్యాకప్, ఆ బ్యాకప్ ఏ ఊళ్ళో ఉంటుంది, మెయిల్ ఏ దారిన పోతుంది, మొదటి ఏడాది రేటు కాదు రెన్యువల్ రేటు జీఎస్‌టీ 18 శాతంతో కలిపి ఎంత. సగం మంది ఇక్కడే తప్పుకుంటారు. మిగిలినవాళ్ళలో ఒకరి దగ్గర నెలవారీ ప్లాన్ తీసుకుని, ఆదివారం రాత్రి ఒక టికెట్ పెట్టి చూశా, మనిషి రాసిన జవాబే వచ్చింది.

మారే పద్ధతి చెప్తా, పనికొస్తుంది. నేమ్‌సర్వర్లు (సైటు ఎక్కడుందో చెప్పే సర్వర్లు) మొదటి నుంచి నా డొమైన్ పేరు మీదే పెట్టుకున్నా, కాబట్టి ఏ క్లయింటు దగ్గరికీ వెళ్ళి పాస్‌వర్డ్ అడగక్కర్లేదు. సీప్యానెల్ ఫుల్ బ్యాకప్ ఇస్తే కొత్త కంపెనీ వాళ్ళు అక్కడ రీస్టోర్ చేస్తారు, మెయిల్ పాస్‌వర్డులు కూడా అలాగే వచ్చేస్తాయి. ముందురోజే డీఎన్ఎస్‌లో టీటీఎల్ (పాత అడ్రసుని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే సమయం) తగ్గించాలి, మామూలుగా 14400 సెకన్లుంటుంది, అంటే నాలుగు గంటలు, దాన్ని 300 చేయాలి. నా కంప్యూటర్‌లో హోస్ట్స్ ఫైలు మార్చి, అంటే నా ఒక్కడికే కొత్త అడ్రసు కనపడేలా చేసి, కొత్త సర్వర్‌లో సైటు సరిగ్గా ఉందో లేదో చూసుకుని, అప్పుడు పాత డీఎన్ఎస్‌లోనే ఒక్కో సైటు 'A' రికార్డు (సైటు పేరుకి ఐపీ చెప్పేది) కొత్త ఐపీకి తిప్పడం. ఇలా చేస్తే అన్నీ ఒక్కరోజే కదిలించే పని లేదు, తేడా కొడితే వెనక్కి తిప్పడానికీ ఐదు నిమిషాలే. ఇంకా ఇక్కడే ఉన్న మెయిల్‌బాక్సుల కోసం పాత ప్లాను కొన్నాళ్ళు ఉంచి, అటు పడ్డ మెయిళ్ళు చివర్లో ఒకసారి కొత్తదాంట్లోకి తెచ్చుకోవాలి. అన్నీ పోయాక నేమ్‌సర్వర్ల ఐపీ మార్చేస్తే సరి.

ముందుగా ఆటోనగర్ సైట్లు, వాటికి వచ్చేదే రోజుకి పదిమంది. కోచింగ్ సెంటరుది ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రిజల్ట్స్ హడావిడి లేనప్పుడు, ఎగుమతివాళ్ళవి వేసవిలో యార్డుకి సెలవులిచ్చినప్పుడు, బట్టల షాపు జోలికి దీపావళి దాటేదాకా పోను. అంటే రెన్యువల్ తేదీకి అన్నీ అయిపోవు, పాత ప్లాన్‌ని కొన్నాళ్ళు నెలవారీకి మార్చమని అడిగా. ఏడాదికి కడితే మంచి డిస్కౌంట్ ఇస్తామన్నారు. డిస్కౌంట్ వద్దు, తగ్గించిన ప్రాసెస్ లిమిట్ మళ్ళీ పెంచి ఆ మాట మెయిల్‌లో రాసివ్వండి అన్నా. దానికి ఇంకా జవాబు లేదు, టికెట్ మాత్రం "పరిష్కరించబడింది" అని మూసేశారు.