బెవాన్, బెవిన్: ఒకే కేబినెట్, రెండు దారులు

1945 నాటి బ్రిటన్ ప్రధాని అట్లీ కేబినెట్‌లో ఈ ఇద్దరిదీ తలో దారి. ఎర్నెస్ట్ బెవిన్ పదకొండేళ్లకే బడి మానేసి, బ్రిస్టల్‌లో బండి తోలి, పెద్ద కార్మిక సంఘాన్ని నిలబెట్టి విదేశాంగ మంత్రి అయ్యాడు. అంతకుముందు యుద్ధకాలంలో కార్మిక మంత్రిగా, సైన్యంలోకి పిలుపొచ్చే కుర్రాళ్ల రిజిస్ట్రేషన్ నంబర్లలో చివరి అంకెను లాటరీ తీయించి, పదిమందిలో ఒకరిని యుద్ధానికి బదులు బొగ్గుగనుల్లోకి పంపించాడు (వాళ్ల టెన్షన్ ఊహించుకోండి).

అనైరిన్ బెవాన్ వేల్స్ బొగ్గుగనుల్లోంచే వచ్చాడు. ఆరోగ్య మంత్రిగా, డాక్టర్ల సంఘం ఎంత మొండికేసినా, స్పెషలిస్టులను ప్రైవేటు ప్రాక్టీసు కూడా చేసుకోనిచ్చి మరీ దారికి తెచ్చుకుని, 1948 జులై 5న ఎన్‌హెచ్‌ఎస్ (అందరికీ ఉచితంగా వైద్యం అందించే ప్రభుత్వ వ్యవస్థ) మొదలుపెట్టాడు. నా ఓటు ఇతనికే. నాటో బెవిన్ ఘనతే, కాదనను. 1951 ఏప్రిల్‌లో బెవిన్ చనిపోయాడు. అదే నెల, కళ్లద్దాలకీ కట్టుడు పళ్లకీ పేషెంట్లు డబ్బు కట్టాలనేసరికి బెవాన్ రాజీనామా పడేశాడు.