తలకోనకు ప్యాకేజీ ఎందుకండీ?

తిరుపతిలోనే కాపురముంటూ తలకోన జలపాతం చూడటానికి మనిషికి 1,200 రూపాయలు కట్టాం. పద్నాలుగు మందికి 16,800. ‘దట్టమైన అడవిలో 12 కిలోమీటర్ల ట్రెక్కింగ్, అనుభవమున్న గైడ్, టిఫిన్, భోజనం, కెనోపీ వాక్, లైఫ్ జాకెట్లు, అన్నీ కలిపి’ అని వాట్సాప్‌లో తిరుగుతున్న పోస్టర్‌ను మా బావ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాడు. ఎవరూ ఔననకముందే అడ్వాన్సు కూడా కట్టేశాడు. దాంతో ఆ రోజు ఏం జరిగినా అందరూ తిరిగి ఆయన ముఖమే చూశారు.

ఆరింటికి రావాల్సిన వ్యాను ఏడున్నరకు వచ్చింది. టిఫిన్ అంటే మనిషికి రెండు ఇడ్లీలు, పక్కన నీళ్ల చట్నీ. గైడ్ అంటే కంపెనీ టీషర్టు వేసుకున్న ఒక కాలేజీ కుర్రాడు. భాకరాపేట ఘాట్ మలుపుల్లో మా పై ఫ్లోర్ మాస్టారు సీటు పట్టుకుని కూర్చున్నారు. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్నవాళ్ల బస్సు లోయలో పడింది ఈ ఘాట్‌లోనే. “మెల్లగా నాయనా” అంటే, “మాది భాకరాపేటే సార్, దినామూ తిరిగే దోవ” అన్నాడు డ్రైవరు. నిజంగానే జాగ్రత్తగా నడిపాడు. అక్కడి నుంచి ఎర్రావారిపాళెం, నెరబైలు మీదుగా తలకోన. రోడ్డు బాగుంది, ఘాట్ తప్ప టెన్షన్ లేదు.

అడవి గేటు దగ్గర మొదటి గొడవ. టికెట్లు ప్యాకేజీలో లేవట! “పోస్టర్‌లో అన్నీ కలిపి అని ఉంది కదా” అని మా ఆవిడ ఫోన్ తీసి చూపించింది. “అది పాత పోస్టర్ మేడం” అన్నాడు కుర్రాడు. పాతదో కొత్తదో, మా బావకు వచ్చింది ముందు వారమే. చేసేదేముంది, మేమే కొనుక్కున్నాం. పోస్టర్ మీద ఎత్తుగా చెట్ల మధ్య వేలాడే వంతెన ఫొటో పెద్దగా వేశారు. ఆ కెనోపీ వాక్ ఆ రోజు మూసి ఉంది. ముందురోజు ఒక్క ఫోన్ చేసి కనుక్కుంటే తెలిసే విషయం. లైఫ్ జాకెట్లు పద్నాలుగు మందికి నాలుగు, అందులో రెండింటికి బకిల్స్ లేవు.

ఇక 12 కిలోమీటర్ల ట్రెక్కింగ్ సంగతి. వ్యాను మమ్మల్ని సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర దించింది. అక్కడి నుంచి జలపాతానికి ఫోన్‌లో చూసుకుంటే రెండు కిలోమీటర్లు కూడా లేదు. మిగతా పది ఏవి బాబూ అంటే, “పైకి ఎక్కితే ఉంటుంది సార్” అన్నాడు గైడ్. పైకి దారి ఎటు అంటే, ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్ముకునే ఆమె దగ్గరికి పోయి ఆమెనే అడిగాడు! పాపం వాడినేమీ అనబుద్ధి కాలేదు. రోజుకు ఐదు వందలు ఇస్తామని ఆ ముందురాత్రే పిలిచారట. వాడూ తలకోన చూడటం అదే మొదటిసారి. ఈ దగా అంతా టీషర్టు కుట్టించినవాళ్లది.

అయినా ఆ నడక మాత్రం బాగుంది, మాస్టారి పుణ్యాన. ఆయన బాటనీ చెప్పి రిటైరైన మనిషి. ఒకచోట తొడంత లావున్న తీగ చెట్టు నుంచి చెట్టుకు పాకి ఉంటే, మర్రి ఊడ అన్నాడు గైడ్. “కాదు, గిల్లతీగ. కాయ చూస్తే దిమ్మతిరుగుతుంది నీకు, మూరెడు దాటి ఉంటుంది” అని మాస్టారు అందుకున్నారు. అక్కడి నుంచి గైడ్ కూడా మాతోపాటు ఆయన వెనకే నడిచాడు. మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలిన బెరడు కనిపిస్తే అది ఎర్రచందనమట. దొంగలు కొట్టుకుపోయే ఈ చెట్టు సహజంగా పెరిగేది మన వైపు కొండల్లోనే అని ఆయన చెబుతుంటే పిల్లలు చేత్తో తడిమి చూశారు. ఈ అడవి 1989లో శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కు అయింది, 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వులో చేరింది. రాళ్ల సందుల్లో బంగారు బల్లి ఉంటుందని మా పిల్లలు ప్రతి బండ కిందా వెతికారు. కనబడలేదు. కోతులు మాత్రం కావలసినన్ని. చేతిలో కవర్ ఉంటే అయిపోయినట్టే. ఒక కోతి మా భోజనం పొట్లాల్లో ఒకటి లాక్కుపోయింది, ఎవరూ తరమలేదు.

జలపాతం దగ్గర మాత్రం అందరి కోపమూ దిగిపోయింది. 270 అడుగులు, ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తైనదని పేరు. మేం వెళ్లింది కార్తీకంలో, వానలు పడిన వారానికి. నీళ్లు బండకు తగిలి చెదిరి, కింద నిలబడ్డవాళ్లను దూరం నుంచే తడిపేస్తున్నాయి. పొద్దుటి నుంచి మాట్లాడని మా బావ నీళ్ల కింద నిలబడి పిల్లాడిలా కేకలు పెట్టాడు. ఎండాకాలంలో వెళ్తే ఇక్కడ సన్నటి ధార తప్ప ఏమీ ఉండదు. అక్టోబరు నుంచి జనవరి లోపే వెళ్లాలి. అదీ తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు కాదు. కార్తీక సోమవారాలు, ఆదివారాలు జాతరలా ఉంటుంది, కుదిరితే మామూలు రోజు చూసుకోండి. బండలు పాచి పట్టి జారతాయి. మడుగులోకి దూకేవాళ్లను మేం చూశాం. అక్కడ ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి, ఆ పని మాత్రం వద్దు.

భోజనం విషయానికి వస్తే, పొద్దున పొట్లాలు వ్యానులోకి ఎక్కిస్తున్నప్పుడే డ్రైవరు నన్ను పక్కకు పిలిచాడు. “సార్, ఆ పెరుగన్నం మద్దేనానికి తినేదానికి కాదు. నెరబైల్లో మా పిన్నమ్మ వండి పెడతాది, ఫోన్ చేసేదా?” అన్నాడు. చెయ్యమన్నాను. మధ్యాహ్నం పొట్లం విప్పితే వాసనకే మూసేయాల్సి వచ్చింది. రెండున్నరకు నెరబైలు చేరాం.

ఇంటి ముందు పందిరి, కింద చాపలు. రాగి సంగటి ముద్ద ఆవిర్లు కక్కుతోంది. మధ్యలో గుంట చేసి నెయ్యి పోశారు. నాటుకోడి పులుసు పల్చగా, ధనియాలు, ఎండుకొబ్బరి నూరి పోసిన ఘాటుతో ఉంది. చెనిక్కాయల ఊరుబిండి, అంటే పల్లీల పచ్చడి, రోట్లో నూరింది, మిక్సీ పట్టింది కాదు, పంటికి తగులుతూ ఉంది. తిరుపతి హోటళ్లలో సంగటి పేరుతో పెట్టే మెత్తటి ముద్దకు మూడొందలు ఇచ్చి తిన్నవాణ్ణి నేను. ఇది వేరే. కోడి తిన్నవాళ్లు ఎనిమిది మంది, మనిషికి 250. కార్తీకమని మానేసిన ఆరుగురికి ఎనిపిన ఆకుకూర, సంగటి, మజ్జిగ, మనిషికి 120. మొత్తం 2,720. ఆ ఆరుగురిలో మా బావ ఒకడు. ఎదురుగా మేం ఎముకలు చీకుతుంటే ఆకుకూర కలుపుకుంటూ మా అక్క వైపు ఎలా చూశాడో! వ్రతం పట్టించింది ఆమే మరి. గైడ్ కుర్రాణ్ణి కూడా కూర్చోబెట్టాం, వాడి డబ్బు మాస్టారు ఇచ్చారు.

వచ్చేటప్పుడు డ్రైవరును అడిగితే ఆ ట్రిప్పుకు వ్యాను బాడుగ డీజిలుతో కలిపి 5,500 అన్నాడు. మేమే వెళ్లి ఉంటే, దానికి భోజనం 2,720 కలిపి 8,220తో పోయేది. మేం కట్టింది 16,800. టికెట్లు, నెరబైల్లో భోజనం ఎలాగూ మేమే విడిగా కొన్నాం. అంటే వ్యాను బాడుగ పోను రెండిడ్లీలకు, వాసనొచ్చిన పెరుగన్నానికి, బకిల్ లేని జాకెట్లకు, దారి అడిగే గైడ్‌కు కలిపి 11,300 రూపాయలు.

కాబట్టి తిరుపతి నుంచి వెళ్లేవాళ్లు వ్యాను మాట్లాడుకుని నేరుగా వెళ్లండి. పొద్దున ఆరుకు బయలుదేరితే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. ఆర్టీసీ బస్సులను నమ్ముకోవద్దు, తక్కువ. చెన్నై, బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు రాత్రి ఉండాలనుకుంటే తలకోనలోనే పర్యాటక శాఖ కాటేజీలు ఉన్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. నీళ్లు స్టీలు సీసాల్లో పట్టుకెళ్లండి. భోజనం వెళ్లేటప్పుడే నెరబైల్లోనో భాకరాపేటలోనో చెప్పిపెట్టండి. నాటుకోడి ఉడకడానికి టైం పడుతుంది.

మా బావ డబ్బు వాపసు అడిగితే, వచ్చే ట్రిప్పులో 20 శాతం తగ్గిస్తామన్నారు. ఆ వచ్చే ట్రిప్పు ఫాల్గుణ పౌర్ణమికి తిరుమల కొండల్లోని తుంబురు తీర్థమట, మనిషికి 1,800, భోజనంతో సహా. ఆ రోజు పాపవినాశనం దగ్గర దేవస్థానం వాళ్లే భక్తులకు అన్నప్రసాదాలు, నీళ్లు ఉచితంగా ఇస్తారని తిరుపతిలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. పోస్టర్ మాత్రం అప్పుడే మా గ్రూపులోకి వచ్చేసింది. ఈసారి పెట్టింది మా అక్క.