మంగూస్ పాపులేట్: చాలాకాలం వాడాక తేలిన సంగతులు

డేటాను డాక్యుమెంట్లుగా దాచే డేటాబేస్ మాంగోడీబీలో ఆర్డర్‌కీ కస్టమర్‌కీ ముడి వేయడానికి నోడ్‌లో (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపేది) నేను ముందు వాడేది మంగూస్ అనే లైబ్రరీలోని పాపులేట్‌నే. స్కీమాలో, అంటే డేటా రూపం చెప్పే నమూనాలో, ఫీల్డు టైపు ఆబ్జెక్ట్‌ఐడీ (డాక్యుమెంటు గుర్తింపు), దాని పక్కన రెఫ్‌లో మోడల్ పేరు. అంతే, పాపులేట్ పిలవగానే ఐడీ ఉన్నచోట మొత్తం రికార్డు వచ్చేస్తుంది. ఆ మోడల్ ఫైలు ఎక్కడా రిక్వైర్ (లోడ్) చేయకపోతే మాత్రం స్కీమా రిజిస్టర్ కాలేదన్న ఎర్రర్ ఖాయం.

ఇది జాయిన్ (ఒకే క్వెరీలో రెండు పట్టికలను కలపడం) కాదని ముందే తెలుసుకోవాలి. డీబగ్ ఆన్ చేసి చూడండి: మొదట ఆర్డర్లు తెస్తుంది, వాటిలోని ఐడీలు పోగేసి కస్టమర్ల మీద డాలర్ ఇన్‌తో (‘ఈ ఐడీల్లో ఏదైనా’ అనే షరతు) రెండో క్వెరీ వేస్తుంది. 50 ఆర్డర్లున్నా రెండే క్వెరీలు. లూప్‌లో ఒక్కోసారి ఫైండ్‌బైఐడీ పిలవడం కంటే ఎంతో నయం. కానీ కస్టమర్ ఊరినిబట్టి ఆర్డర్లు వడకట్టడం దీనివల్ల కాదు. పాపులేట్‌లో మ్యాచ్ అనే షరతు పెడితే ఆర్డర్లు తగ్గవు, షరతుకు సరిపోనిచోట కస్టమర్ నల్ (ఖాళీ) అవుతుంది, అంతే. ఆ పనికి అగ్రిగేషన్‌లో (డేటాబేస్‌లోనే అంచెలంచెలుగా నడిచే క్వెరీ) రెండు కలెక్షన్లను కలిపే లుకప్ వాడాలి. అక్కడ మంగూస్ టైపులు మార్చదు. యూఆర్‌ఎల్‌లోంచి వచ్చిన 24 అక్షరాల స్ట్రింగును అలాగే మ్యాచ్‌కి ఇస్తే ఎర్రరేమీ రాదు, ఖాళీ అర్రే చేతికొస్తుంది. దాన్ని ఆబ్జెక్ట్‌ఐడీగా మార్చి ఇవ్వాలి.

కస్టమర్ డాక్యుమెంటులో ఆర్డర్ ఐడీల అర్రే పెట్టకండి. అది పెరుగుతూనే పోతుంది, డాక్యుమెంటుకు 16 ఎంబీ హద్దు ఉంది, పైగా ప్రతి మార్పూ రెండుచోట్ల రాయాలి. వర్చువల్ పాపులేట్ (డాక్యుమెంటులో ఏమీ దాచకుండా అవతలి కలెక్షన్‌లో వెతికి తెచ్చేది) మేలు: లోకల్‌ఫీల్డ్ అండర్‌స్కోర్ ఐడీ, ఫారిన్‌ఫీల్డ్ ఆర్డర్‌లోని కస్టమర్. ఆ ఫీల్డుకు ఇండెక్స్ తప్పనిసరి, లేకపోతే ప్రతిసారీ కలెక్షన్ మొత్తం జల్లెడ పడుతుంది. డాక్యుమెంటును జేసన్‌గా మార్చే టూజేసన్‌లో వర్చువల్స్ ట్రూ పెట్టకపోతే డేటా వచ్చినా రెస్పాన్స్‌లో కనిపించదు. కస్టమర్‌కి ఐదేసి ఆర్డర్లు కావాలని లిమిట్ 5 ఇస్తే, ఒకరికి ఐదూ వచ్చి ఇంకొకరికి సున్నా రావచ్చు, ఎందుకంటే ఆ లిమిట్ అందరికీ కలిపి లెక్క. పర్‌డాక్యుమెంట్‌లిమిట్ సరిగ్గా ఇస్తుంది, కాకపోతే ఒక్కో డాక్యుమెంటుకు ఒక్కో క్వెరీ.

అన్నిటికంటే ఎక్కువగా కొంప ముంచేది డిలీట్. వేరేచోట వాడుతున్న రికార్డును తీసేయనివ్వని ఫారిన్ కీ కాపలా ఇక్కడ లేదు. కస్టమర్‌ని తీసేస్తే ఆర్డర్‌లో ఐడీ మిగిలిపోతుంది, పాపులేట్ నల్ ఇస్తుంది, పేరు చదివే లైను దగ్గర యాప్ కూలుతుంది. డిలీట్‌వన్‌కి రాసిన హుక్ (దానితోపాటు తానే నడిచే కోడ్) ఫైండ్‌వన్‌అండ్‌డిలీట్‌కి పనిచేయదు, దానికి వేరే రాయాలి. అందుకే ఆర్డర్‌లో ఐడీతో పాటు ఆనాటి పేరు, చిరునామా, ధర కాపీ చేసి ఉంచండి. కస్టమర్ ఖాతా పోయినా పాత బిల్లు తెరుచుకోవాలి కదా.