ఇరుసులు మార్చి మోయాబ్ వెళ్ళొచ్చాం

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, జీపులతో రాళ్ళెక్కే దారులకు పేరున్న మోయాబ్‌లో రాయి మీద టైరు జారదు. అక్కడ యాక్సిళ్ళు, అంటే ఇరుసులు, విరగడానికి అసలు కారణం అదే. మన నల్లరేగడి బురదలో బండి దిగబడితే చక్రం గిర్రున తిరుగుతుంది తప్ప ఏదీ విరగదు. ఆ ఎర్ర ఇసుకరాయి మాత్రం రబ్బరును పట్టేసి వదలదు. చక్రం ఆగిపోతుంది, ఇంజిన్ తోస్తూనే ఉంటుంది, ఆ బలమంతా షాఫ్టు మీద, దాని చివర కీలులా ఉండే యూ-జాయింటు మీద పడుతుంది. టైరు ఎంత పెద్దదైతే ఆ భారం అంత ఎక్కువ. నా జీపుకి 37 అంగుళాల టైర్లు వేయాలనుకున్నప్పుడు మొదట యాక్సిళ్ళ సంగతి చూసింది అందుకే.

నాది 2014 రాంగ్లర్ సహారా. కంపెనీ ఇచ్చిన యాక్సిళ్ళు ముందు డానా 30, వెనక డానా 44; అంకె పెరిగేకొద్దీ యాక్సిల్ గట్టిది. చాలామంది ఎవరో రూబికాన్ (రాళ్ళ దారుల కోసమే చేసిన రాంగ్లర్ రకం) నుంచి తీసేసిన ముందు డానా 44 కొని వేసుకుంటారు. దాని గేర్లు పెద్దవి, రెండు చక్రాల్నీ కలిపి తిప్పే లాకర్ కూడా వస్తుంది, బేరం బాగున్నట్టే ఉంటుంది. కానీ ఆ తరం రాంగ్లర్‌లో ముందు డానా 30, డానా 44 రెండింటిలోనూ షాఫ్టు చుట్టూ ఉండే గొట్టాలు ఒకే మందం. గొట్టమే వంగితే లోపల గేరు ఎంత గట్టిదైతే ఏం లాభం? లోపల స్లీవులు (తొడుగు గొట్టాలు), చివర గసెట్లు (బలానికి పట్టీలు) వెల్డింగ్ చేయిస్తే గానీ 37లకు ధైర్యం చాలదు. డానా 60 వేస్తే ఈ గొడవ ఉండదు. కాకపోతే బరువు బాగా పెరుగుతుంది, డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యనుండే గేర్ల డబ్బా) కిందికి దిగుతుంది, ధర చెప్పనక్కర్లేదు. 40 అంగుళాల టైర్లు కలలోకి వచ్చేవాళ్ళకు అది సరే. నేను మందమైన గొట్టాలు, లాకర్లు, 4.88 గేర్లతో (ఈ అంకె పెద్దదైతే లాగే బలం ఎక్కువ) సిద్ధంగా వచ్చే డానా 44 జత తీసుకున్నాను. 5 బోల్టుల చక్రాలు మార్చక్కర్లేకపోవడం కలిసొచ్చింది.

యాక్సిల్ ధర చూసి బడ్జెట్ వేసుకోకండి. పాత డ్రైవ్‌షాఫ్టు కొత్త యాక్సిల్ యోక్‌కి (అది బిగించే చోటికి) కుదరలేదు, అదొకటి కొనాలి. స్టీరింగ్ రాడ్లు, బ్రేక్ లైన్లు, అలైన్‌మెంట్, స్పీడోమీటర్ సరిచేయడం, ఇవన్నీ విడిగా. కొలరాడోలోని డెన్వర్ శివార్లలో ఒక షాపుకి ఇచ్చాను. పని శుభ్రంగా చేశారు. మాట మాత్రం నిలబెట్టుకోలేదు. వారంలో ఇస్తామన్నది సాగదీసి, ప్రయాణం ముందురోజు తాళం చేతిలో పెట్టారు. కొత్త గేర్లు మొదటి 500 మైళ్ళు నెమ్మదిగా అలవాటు పడాలి. మొదట కాస్త దూరం నడిపి పూర్తిగా చల్లారనివ్వాలి. అలాంటి బండిని నేరుగా కొండలెక్కించమంటే ఎలా? మోయాబ్ గది రద్దుచేసి, డబ్బు పోయినా సరేనని ప్రయాణం వాయిదా వేసి, ఈలోగా ఫోర్ట్ కాలిన్స్ వైపు చదును రోడ్డు మీద తిప్పాను.

తర్వాత ఐ-70 హైవే ఎక్కాం. ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంటుంది. పాత 3.73 గేర్లతో ఈ టైర్లు వేసుంటే, కంపెనీ ఇచ్చిన చిన్న టైర్ల మీద 3.2 గేర్లున్నట్టే. ఆ ఎక్కుడులో ప్రతి లారీ మమ్మల్ని దాటిపోయేది. 4.88తో బండి హాయిగా ఎక్కింది. గ్రాండ్ జంక్షన్‌లో ఒక చిన్న షాపులో డిఫరెన్షియల్ ఆయిల్ మార్పించాం. అక్కడి పెద్దాయన డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి అంటిన బూడిదరంగు పేస్టు చూపించి, ఇది మామూలే, ముక్కలు కనిపిస్తేనే భయపడాలన్నాడు. యాక్సిల్‌ని పక్కకు జరగనివ్వని ట్రాక్ బార్ బోల్టులు అడగకుండానే బిగించాడు. మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చిన సర్వీసు అదే.

సిస్కో దగ్గర దిగి 128 రోడ్డు పట్టండి. కొలరాడో నది పక్కనే మోయాబ్ దాకా తీసుకెళ్తుంది. మెయిన్ స్ట్రీట్ మోటెల్‌లో స్నానం, వైఫై తప్ప చెప్పుకోడానికేం లేదు. హైవే కిటికీ కిందే ఉన్నట్టు రాత్రంతా లారీల మోత. బిగ్ బెండ్ క్యాంప్‌గ్రౌండ్‌కి మారాక ప్రాణం లేచొచ్చింది. నది ఒడ్డున పెద్ద రాతిగోడల మధ్య చోటు. ముందు వచ్చినవాళ్ళదే సైటు, కాబట్టి పొద్దున్నే వెళ్ళాలి. తాగే నీళ్ళు ఉండవు, ఊళ్ళోనే డబ్బాలు నింపుకోవాలి. పులిహోర, పెరుగన్నం డబ్బాలు మాకు చాలా పూటలు గడిపాయి.

రాతి దారుల్లో మొదట ఫిన్స్ అండ్ థింగ్స్, తర్వాత హెల్స్ రివెంజ్. రెండూ శాండ్ ఫ్లాట్స్‌లోనే మొదలవుతాయి, గేటు దగ్గర రుసుము కట్టాలి. టైర్లలో గాలి 15 పీఎస్‌ఐకి దించాం. నిజం చెప్పాలంటే, మామూలు 35 టైర్ల రూబికాన్‌తో వచ్చిన మా బావ నేనెక్కిన ప్రతిదీ ఎక్కాడు. "ఇంత ఖర్చు దేనికి బావా?" అని ఏడిపించాడు కూడా. తేడా తెలిసింది స్టీల్ బెండర్ అనే దారిలో. మిల్ క్రీక్ వాగు మళ్ళీ మళ్ళీ దాటాక ఎత్తైన రాతి మెట్లు వస్తాయి. తను పక్కదారులు వెతుక్కున్నచోట నేను లాకర్లు వేసి నిదానంగా పైకి వెళ్ళాను. అక్కడే డానా 30 మీద 37లు వేసుకొచ్చిన ఒక కుర్రాడి షాఫ్టు యూ-జాయింటు దగ్గర తెగింది. స్పేర్ షాఫ్టు, పనిముట్లు ఉన్నాయి కాబట్టి దారిలోనే మార్చుకున్నాడు. లేకపోతే రికవరీ బండిని పిలవాల్సిందే. మామూలు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ చాలావరకు ఇలాంటి దారులకు వర్తించదు, బయల్దేరే ముందే కనుక్కోండి.

35లతోనే ఉండేవాళ్ళు, రూబికాన్ ఉన్నవాళ్ళు ఆ డబ్బు దాచుకుని మోయాబ్‌కి ఇంకోసారి వెళ్ళడం మేలు. 37లకు మాత్రం యాక్సిళ్ళు ముందు, టైర్లు తర్వాత. వెళ్ళడానికి ఏప్రిల్, మే, అక్టోబర్ బాగుంటాయి. ఈస్టర్ జీప్ సఫారీ (ఏటా జరిగే జీపుల వేడుక) జరిగే రోజుల్లో మాత్రం గదుల ధరలు భరించలేం, దారుల్లో క్యూలు కూడా.